నేల తాకని పిల్ల

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా కూతురు ఎత్తు మీంచి జారి మెడ మీద పడుతుందని. మా కొండదారుల్లో బొగ్గు లారీలు తిరుగుతాయి, వాన పడితే ఏరు ఇంటి మెట్ల దాకా వస్తుంది. వాటికి నేనంత భయపడను. బ్రిన్లీ పుట్టినప్పుడు నాకు పదహారేళ్ళు. దాన్ని నా చేతుల్లో పెడుతూ నర్సు, "తల కింద చెయ్యి పెట్టమ్మా, తల కింద" అంది. ఆ పెట్టిన చెయ్యి నేను మళ్ళీ తియ్యలేదు. దానికి ఎనిమిదేళ్ళు వచ్చినా తియ్యలేదు.

ఇంత భయస్థురాలినై ఉండీ ఆ ఏడు వేసవి చివర్లో దాన్ని తీసుకెళ్ళి, ఆట మధ్యలో ఒకరినొకరు పైకెత్తి విన్యాసాలు చేసే చీర్ జట్టులో చేర్చాను.

ఎలా జరిగిందంటే, నేను పెట్రోలు బంకు కొట్లో కోడి ముక్కలు వేయిస్తాను. బడి సెలవుల్లో బ్రిన్లీని చూసేవాళ్ళు లేక నాతోనే తెచ్చుకునేదాన్ని. అది చిప్స్ పొట్లాల వరసకీ చల్లటి సీసాల పెట్టెకీ మధ్య చేతుల మీద బండిచక్రంలా దొర్లుతూ ఉండేది. ఓ మధ్యాహ్నం మిస్ టోన్యా వచ్చింది. మా ఊళ్ళో పిల్లల ఫుట్‌బాల్ జట్టు తరఫున చీర్ చేసే ఆడపిల్లలకి నేర్పేది ఆవిడే. మా ఊరి ఆడవాళ్ళలో సగం మందికి కాళ్ళు నిటారుగా పెట్టడం ఆవిడే నేర్పింది. చేతిలో కాఫీ కప్పుతో అలాగే నిలబడి బ్రిన్లీని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"కెల్సీ, ఈ పిల్ల బరువెంత?"

"కోడి ముక్కలైతే తూచి ఇస్తాను మిస్ టోన్యా. పిల్లని తూచి ఇవ్వను."

ఆవిడ కాఫీ ఒలికేలా నవ్వింది. "ఈ ఏడు నా దగ్గరున్న వాళ్ళంతా మొక్కజొన్న కాడల్లా ఎదిగిపోయారే. పైన నిలబెట్టడానికి ఒక పిట్ట కావాలి."

"పైన అంటే ఎంత పైన?"

"భుజాల దాకానే. ఈ వయసు వాళ్ళకి అంతకన్నా ఎత్తు మా రూలు ఒప్పుకోదు."

"ఎవరి భుజాలు?"

"మోసే పిల్లల భుజాలే. నీవీ నావీ కాదులే, భయపడకు."

వద్దనడానికి నోరు తెరిచాను. ఈలోగా బ్రిన్లీ వచ్చి కౌంటరు అంచు పట్టుకుని వేలాడుతూ, "అమ్మా, పైనంట!" అంది. దాని మొహం చూశాక ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. నేను పదో తరగతిలో జట్టుకి ఎంపికైన వారానికే బడి మానేశాను. ఎందుకో ఇందాక చెప్పిన వయసుని బట్టి మీకు తెలిసే ఉంటుంది. ఆ జట్టు గౌను ఒక్కసారీ వేసుకోలేదు. బ్రిన్లీకి గౌను కొలతలు తీసుకున్న రోజున అద్దంలో దానికన్నా నన్ను నేనే ఎక్కువ చూసుకున్నాను.

ఊరి చివర పాత పొగాకు గోడౌనులో నేర్పేవాళ్ళు. పొగాకు పోయి చాలాకాలమైనా వేడెక్కితే దూలాల్లోంచి ఆ తియ్యటి వాసన ఇంకా దిగుతుంది. నేలంతా నీలం పరుపులు. గోడ వారగా మడత కుర్చీల్లో అమ్మలం.

మిస్ టోన్యా మొదటి రోజే పిల్లల్ని నలుగురు నలుగురుగా విడగొట్టింది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మోస్తారు. ఒకరు వెనక నుంచి నడుము, చీలమండలు కాస్తారు. నాలుగో పిల్ల ఆ ఇద్దరి అరచేతుల్లో పాదాలు పెట్టి పైన నిలబడుతుంది. దాన్ని మేం పైపిల్ల అంటాం.

"పైపిల్లకి ఒకటే పని," అంది మిస్ టోన్యా బ్రిన్లీ గడ్డం పట్టుకుని. "కర్రలా బిగిసి ఉండాలి. వణికినా బిగిసే ఉండు, వంగినా బిగిసే ఉండు. దిగేది నువ్వు కాదు, వాళ్ళు దింపుతారు. బిగిసిన పిల్లని ఎటు పడినా పట్టుకోవచ్చు. కాళ్ళూ చేతులూ కొట్టుకునే పిల్లని దేవుడు కూడా పట్టుకోలేడు. అర్థమైందా?"

"అయింది మిస్ టోన్యా."

"మోసేవాళ్ళూ, మీకూ ఒకటే పని. ఏమిటది?"

పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు. "పైపిల్ల నేల తాకకూడదు!"

"తాకేట్టుంటే?"

"ముందు మేం తాకాలి!"

నా పక్కన కూర్చున్న క్రిస్టల్ కూడా వాళ్ళతో కలిసి అరిచింది. చిన్నప్పుడు ఆవిడా మోసిన మనిషే. ఇప్పుడు ఆవిడ కూతురు పేజ్ మోసేది బ్రిన్లీ ఎడమకాలు. కుడికాలు ట్రెస్సాది.

ట్రెస్సాకి పదకొండేళ్ళు. వయసుకి మించిన పొడుగు, పెద్ద పెద్ద చేతులు. నడుస్తుంటే ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి కట్టుకునేది. కొండ మలుపు మీద అమ్మమ్మ ఓలీన్ దగ్గర పెరుగుతోంది. మొదటి రోజు నీళ్ళు తాగడానికి వదిలినప్పుడు నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మిస్ కెల్సీ, నేను ట్రెస్సాని. బ్రిన్ కుడికాలు నాది."

"అలాగా తల్లీ."

"మీరు లేస్తున్నారు, కూర్చుంటున్నారు. నేను చూశాను. భయపడకండి. నేను వదలను."

క్రిస్టల్ ఫక్కున నవ్వింది. "విన్నావా? చిన్నపిల్ల నీకు ధైర్యం చెబుతోంది. నువ్వలా లేచి కూర్చుంటుంటే ఆ కుర్చీ కూడా జట్టులో చేరి దూకుతుంది కెల్సీ. మా పేజ్ మోస్తోంది కదా, మధ్యలో నువ్వేం మోస్తున్నావు?"

నేనూ నవ్వాను. కానీ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

నేను చూసిందేమిటో చెబుతాను. పదకొండేళ్ళ పిల్లల చేతుల్లో నా పిల్ల పాదాలు. ఆ చేతులకి ఒకోసారి చెమట పడుతుంది. ఒకత్తి జుట్టు కళ్ళల్లో పడుతుంది. వెనక కాచే పిల్ల తలుపు వైపు చూస్తుంది, వాళ్ళ నాన్న బండి వచ్చిందేమోనని. నా పిల్ల పైన చేతులు చాపి నవ్వుతూ ఉంటుంది, దాని మోకాలు మాత్రం సన్నగా కదులుతూ ఉంటుంది. ఆ మోకాలు నాకు గోడౌను ఆ చివర నుంచి కూడా కనబడేది.

రెండో వారమో మూడో వారమో, ఇంటికెళ్తూ బండి ఏటి ఒడ్డున ఆపాను. మా పికప్ బండి వెనక తలుపు కిందికి దించి బ్రిన్లీని దాని మీద నిలబెట్టాను.

"ఇక్కణ్ణుంచి దూకు."

"ఎందుకు?"

"ఊరికే. రెండు కాళ్ళ మీద పడాలి. మోకాళ్ళు వంచి."

దూకింది. పిల్లి పిల్లలా దిగింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ దూకింది. దానికది ఆట.

"పైన ఉన్నప్పుడు వణికిందనుకో, ఆగకు. ముందుకి ఇలాగే దూకెయ్."

"మిస్ టోన్యా బిగిసి ఉండమంది."

"మిస్ టోన్యా నిన్ను కనలేదు."

"ట్రెస్సా పట్టుకుంటుందమ్మా."

"ట్రెస్సా నీకన్నా మూడేళ్ళు పెద్ద, అంతే. సరిగ్గా అప్పుడే దానికి తుమ్మొస్తే?"

"ట్రెస్సా తుమ్మదు."

"అందరూ తుమ్ముతారు బ్రిన్. ఈ లోకంలో నీ కాళ్ళు నీవి, అంతే. ఇంకోళ్ళ చేతుల్ని నమ్ముకుని కూర్చోకు. సరేనా? ఇది మన ఇద్దరి మధ్యే."

సరేనంది. నా మాట వినే పిల్ల అది. దాని గురించి అందరూ మెచ్చుకునేదీ అదే. పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది. ఆ తర్వాత వారంలో రెండు మూడుసార్లు బండి అక్కడ ఆపేవాళ్ళం. దూకడం బాగా వచ్చేసింది. ఒకసారి మెప్పుగా చప్పట్లు కూడా కొట్టాను.

చలి మొదలయ్యే ముందు గోడౌనులో మొదటిసారి దూకింది. పైకి లేచింది, చేతులు చాచింది, పేజ్ కాస్త పక్కకి కదిలింది. మోకాలు వణికిన మరుక్షణం బ్రిన్లీ గాల్లోకి అడుగేసినట్టు ముందుకి వచ్చేసి పరుపు మీద రెండు కాళ్ళ మీద దిగింది. పట్టుకోవడానికి ట్రెస్సా ముందుకి పడింది కానీ అందలేదు. బ్రిన్లీ మడమ తగిలి ట్రెస్సా భుజం మీద తోలు లేచింది.

మిస్ టోన్యా పాట ఆపేసింది. "అదేమిటి?"

బ్రిన్లీ నేల చూపులు చూసింది.

"నిన్నెవరు దిగమన్నారు? నేను చెప్పానా? ఈ దూకడం ఎవరు నేర్పారు నీకు?"

బ్రిన్లీ కళ్ళెత్తి నా వైపు చూసింది. నేను ఫోను తీసి అందులోకి చూశాను. ఫోనులో ఏమీ లేదు.

"తనంతట తనే భయపడి ఉంటుందిలే టోన్యా," అంది క్రిస్టల్, మంచి మనసుతోనే. "చిన్నది కదా."

ట్రెస్సా భుజం రుద్దుకుంటూ బ్రిన్లీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గోడౌను నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నాకు ప్రతి మాటా వినబడింది.

"ఒసేయ్ పిట్టా, నన్ను వదిలి దూకకే. నువ్వు బిగిసి పడితే ఎటు పడతావో నాకు చేతుల్లో తెలిసిపోతుంది. నువ్వు దూకితే నేనెక్కడికి రావాలో నాకు తెలీదు."

"సరే," అంది బ్రిన్లీ.

"పైకి లేచాక ఆ గోడ మీద గుండ్రటి మరక ఉంది చూడు, దాన్నే చూడు. కిందికి చూడకు. కింద నేను చూసుకుంటాను."

ఆ రోజు బండిలో వంతెన దాటాక అడిగింది. "అమ్మా, ఆగనా, దూకనా?"

అప్పుడు ఆగమని చెప్పి ఉండొచ్చు. ఒక్క ముక్క. నా నోటికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఎదురుగా లారీ వచ్చింది, దారి సన్నం, స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. అది దాటిపోయాక నా గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఆ కొట్టుకోవడంలో అన్నాను, "ట్రెస్సా మంచి పిల్లే బ్రిన్. అయినా నువ్వు నా మాట విను."

అక్టోబరు చివరి శనివారం మా ఊరి మైదానంలో ఆఖరి ఆట. కొండలన్నీ ఎర్రబడి ఉన్నాయి. పొద్దున్నే మంచు పడి గడ్డి తడిగా ఉంది. మిస్ టోన్యా గడ్డిని చెప్పుతో రాసి చూసి, "సగం ఆటకి ఆరిపోతుంది" అంది. ఆరింది కూడా. గడ్డి మీద నేరం మోపడానికి నాకు అవకాశం లేదు.

బ్రిన్లీ జుట్టు నేనే దువ్వాను. కనుబొమలు పైకి లేచేంత బిగించి కట్టి, దాని తలకన్నా పెద్ద ఎర్ర రిబ్బను పువ్వు పెట్టాను. ట్రెస్సా అమ్మమ్మకి కళ్ళు సరిగా కనబడక ట్రెస్సా పువ్వు ఓ పక్కకి వేలాడుతోంది. దాన్నీ పిలిచి సరిచేశాను. నా వేళ్ళ కింద కదలకుండా నిలబడింది.

"నొప్పెట్టిందా?"

"లేదు మిస్ కెల్సీ. మా అమ్మమ్మ ఇంకా గట్టిగా లాగుతుంది."

ఓలీన్ కంచె దగ్గర దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. "ఆ పిల్లకి సిగ్గు లేకుండా అబద్ధాలు నేర్పాను చూడు," అంది నవ్వుతూ. "నేనెప్పుడు లాగానే?"

సగం ఆట అయ్యాక పిల్లలు మైదానం మధ్యలోకి పరిగెత్తారు. మైకులో పాట మొదలైంది. నేను కంచెకి ఆనుకుని నిలబడ్డాను. పేజ్, ట్రెస్సా ఎదురెదురుగా వంగి అరచేతులు పట్టారు. బ్రిన్లీ వాటిలో అడుగు పెట్టింది. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, పైకి లేచింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. నా పిల్ల చేతులు రెండూ ఆకాశంలోకి చాచి నిలబడింది. అది అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మోకాలు కదిలింది.

పెద్ద కదలికేం కాదు. అలాంటివి ఆ నెలంతా చూశాను, ప్రతిసారీ ట్రెస్సా మణికట్టు తిప్పి సర్దేది. ఈసారీ సర్దింది. సర్దడం అయిపోయింది కూడా, నేను చూశాను, బ్రిన్లీ మళ్ళీ నిటారుగా అయింది. అప్పుడు అది మైదానంలో గోడ మరక లాంటిదేదీ దొరక్క, కంచె వైపు, నా వైపు చూసింది. నా మొహంలో దానికేం కనబడిందో నాకు తెలుసు.

దూకింది.

ట్రెస్సా ఆగలేదు. ఎక్కడికి రావాలో దానికి తెలియదు, అయినా వచ్చింది. కాళ్ళు ముందుకి పెట్టి, గడ్డి మీద వెల్లకిలా జారుతూ బ్రిన్లీ కిందికి వచ్చేసింది. బ్రిన్లీ మోకాలు ట్రెస్సా చెవి పైన తగిలింది. ఆ చప్పుడు చిన్నది. పాటలో కలిసిపోయింది.

కంచె ఎలా దాటానో తెలియదు. బ్రిన్లీ ట్రెస్సా మీద కూర్చున్నట్టుగా ఉంది, కళ్ళు పెద్దవి చేసుకుని. గీత కూడా పడలేదు. ఎత్తుకున్నాను, మెడ తడిమాను, చేతులు తడిమాను. ఎత్తుకోవడానికి ట్రెస్సాని దాటి వెళ్ళానని తర్వాత క్రిస్టల్ చెబితే తెలిసింది. నా పిల్లకి ఏమీ కాలేదని తెలియగానే నేను నవ్వాను. పైకే నవ్వాను. నా నవ్వు నాకు వినబడింది.

మిస్ టోన్యా ట్రెస్సా పక్కన మోకరిల్లింది. "కదలకు తల్లీ. నన్ను చూడు. ఏమైంది? కాలు వదిలేశావా?"

ట్రెస్సా ఆవిడ వైపు చూడబోయి వేరే వైపు చూసింది. "అవును మిస్ టోన్యా. నేనే ఆలస్యం చేశాను. బ్రిన్ నేల తాకిందా?"

"తాకలేదు."

"అయితే సరే," అని గడ్డి మీద వాంతి చేసుకుంది.

నా చేతుల్లో బ్రిన్లీ నోరు తెరిచింది. "మిస్ టోన్యా, ట్రెస్సా కాదు, నేను..."

నేను దాని తల నా మెడలోకి అదుముకున్నాను. ఓదారుస్తున్నానని చుట్టూ ఉన్న వాళ్ళంతా అనుకున్నారు. ఒకావిడ నా వీపు నిమిరింది కూడా.

మంగళవారం గోడౌనుకి నేనొక్కదాన్నే వెళ్ళి మిస్ టోన్యాకి చెప్పాను. బండి వెనక తలుపు దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. ఆవిడ పరుపులు తుడుస్తోంది. తుడవడం ఆపలేదు.

"ఆ పిల్ల ఆదివారం నుంచీ నాకు ఫోన్ చేసి క్షమించమంటోంది కెల్సీ. తెర వేసిన గదిలో పడుకుని. వెలుతురు చూడలేకపోతోందట."

"తన తప్పు కాదని చెప్పండి."

"నేను చెప్పడమేమిటి? నువ్వు చెప్పు."

తుడిచే గుడ్డ బకెట్లో పడేసి అంది, "ముప్పయ్యేళ్ళుగా పిల్లలకి పడడం నేర్పుతున్నాను. అమ్మలకి నేర్పాలని తోచలేదు."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే కొండ మలుపు ఎక్కాను. వేయించిన కోడి ముక్కలు, మొక్కజొన్న రొట్టె మూటకట్టి పట్టుకెళ్ళాను. మా వైపు ఎవరింట్లో కష్టమొచ్చినా వంట పట్టుకునే వెళ్తాం, ఉత్త చేతులతో వెళ్ళం. ఓలీన్ వాకిట్లోనే కూర్చుని ఉంది. కిటికీలకి లోపల్నుంచి దుప్పట్లు మేకులతో కొట్టి ఉన్నాయి. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుని, పక్కనున్న కుర్చీ చూపించింది.

గుసగుసగా చెప్పాను. నేను దూకమన్నాను, నేనే నేర్పాను, ట్రెస్సా కాలు వదల్లేదు, ఆలస్యం చెయ్యలేదు అని. ఆవిడ చివరి దాకా విన్నది. వింటున్నంతసేపూ మూట మీద చెయ్యి వేసుకుని ఉంది, వేడి చూస్తున్నట్టు.

"నీ పిల్లకి నువ్వు చెప్పావు," అంది. "నా పిల్లకి నేనూ చెప్పాను."

"ఏం చెప్పారు?"

"అది పొడుగ్గా ఉందని బడిలో ఏడిపిస్తారు. ఏడుస్తూ వచ్చేది. నేనేమన్నానంటే, దేవుడు నిన్నంత పెద్దగా చేసింది చిన్నవాళ్ళ కింద నిలబడడానికేనే, ఆ చిన్నది నేల తాకిందంటే నా దగ్గరికి రాకు అన్నాను. నవ్వుతూనే అన్నాను. పిల్లలకి నవ్వు గుర్తుండదు. మాట గుర్తుంటుంది."

నేను తలుపు వైపు చూశాను. లోపల్నుంచి చప్పుడేమీ లేదు.

"ఒక్కసారి చూడనా?" అన్నాను. "తన తప్పు కాదని చెప్పి వచ్చేస్తాను."

"నేను చెబుతాను."

"నేను చెప్పాలి కదా."

"నువ్వు చెబితే నీ గుండె తేలికవుతుంది తల్లీ," అంది ఓలీన్. కోపంగా కాదు. "దానికి నీ గొంతు వినబడితే లేచి కూర్చుంటుంది. బ్రిన్ ఎలా ఉంది, ఎవరు మోస్తున్నారు అని వంద అడుగుతుంది. ఆ తర్వాత తలనొప్పితో రాత్రంతా మూలుగుతుంది. పేజ్ వచ్చి వెళ్ళాక అదే జరిగింది. నాకిప్పుడు దాని తల కావాలి. నీ గుండె తర్వాత చూద్దాం. రాకు ఇక."

మూట తీసుకుంది. అది మాత్రం కాదనలేదు.

నేను వెళ్ళలేదు. వెళ్ళొద్దన్నారని వెళ్ళలేదో, వెళ్ళొద్దన్నందుకు లోలోపల సంతోషించానో నన్నడక్కండి. బంకులో ఎవరు కొండ మలుపు నుంచి దిగినా అడిగేదాన్ని. బడికి పోవడం లేదట అన్నారు. ఒకసారి బడికి వెళ్ళి, చదువుతుంటే అక్షరాలు కదులుతున్నాయని మధ్యాహ్నమే వచ్చేసిందట అన్నారు. చలికాలం మంచు కురిసే నాటికి ఓలీన్ ఇల్లు తాళం పెట్టి ఉంది. డేటన్ నగరంలో ఓలీన్ చెల్లెలి ఇంటికి వెళ్ళారట, అక్కడ తల దెబ్బలు చూసే డాక్టరు ఉన్నాడట. అక్కడి ఫోన్ నంబరు మిస్ టోన్యా దగ్గరా లేదు, క్రిస్టల్ దగ్గరా లేదు.

బ్రిన్లీకి అసలు సంగతి నేనే చెప్పాను. నీ తప్పు కాదు, ట్రెస్సా తప్పు కాదు, నాది అని. అది విని, "మరి ట్రెస్సాకి తెలుసా?" అంది. వాళ్ళ అమ్మమ్మ చెప్పే ఉంటుందన్నాను. "చెప్పిందని నీకెలా తెలుసు?" అంది. ఇప్పుడు నా మాట వినే ముందు కాసేపు నన్ను చూస్తుంది. చూశాకే వింటుంది. ఈ ఏడు మళ్ళీ జట్టులోకి వెళ్ళింది, పైకి ఎక్కనని తనే చెప్పింది. నేల మీదే నిలబడి రంగు కుచ్చుల పొంపొంలు ఊపుతోంది. మెడ బాగుంది, చేతులు బాగున్నాయి, అన్నీ బాగున్నాయి. నేను అడిగింది దేవుడు నాకిచ్చాడు. అది ఎవరి దగ్గర్నుంచి తీసి ఇచ్చాడో కూడా నా కళ్ళ ముందే తీసి ఇచ్చాడు.

అందుకని, ఇది చదివేవాళ్ళలో ఎవరైనా డేటన్ వైపు ఉంటే ఒక్క పని చేసిపెట్టండి. ఊరికి తూర్పున, కొండల నుంచి పనుల కోసం వెళ్ళిన మా వాళ్ళుండే వీధులున్నాయి. అక్కడ ఓలీన్ అని అడగండి. ఆవిడతో పొడుగాటి పిల్ల ఉంటుంది, పన్నెండేళ్ళు వచ్చి ఉంటాయి. బహుశా ఎండకి టోపీ కిందికి లాక్కుని ఉంటుంది. నా పేరు ఎత్తకండి. బ్రిన్లీ పేరు అసలు ఎత్తకండి. తలనొప్పి తగ్గిందా, చదవగలుగుతున్నావా అని అడగండి. బాగానే ఉన్నానంటుంది. వెంటనే వచ్చేయకండి. కాసేపు కూర్చుని, ఇంకేదో మాట్లాడి, మళ్ళీ అడగండి.